బ్లడ్‌బోర్నా, లైస్ ఆఫ్ పీనా: ఏది మేలు?

గోతిక్ హారర్ (పాత కట్టడాలు, సమాధుల మధ్య చీకటి భయం), పైగా చుక్కలు చూపించే యాక్షన్ ఆర్పీజీ, అంటే పాత్రని పెంచుకుంటూ పోరాడే వీడియోగేమ్, కావాలంటే ఇవాళ గట్టిగా వినిపించే పేర్లు రెండే. ఒకటే కొనగలిగితే ఏది కొనాలన్నది విశాఖలో నన్ను తరచూ అడిగే ప్రశ్న. అడిగేవాళ్లలో మధురవాడ హాస్టళ్ల కుర్రాళ్లున్నారు, రుషికొండలో ఐటీ ఉద్యోగం చేసేవాళ్లున్నారు, స్టీల్‌ప్లాంట్‌లో బి షిఫ్ట్ దిగి వచ్చి రాత్రి పదకొండు తర్వాత కంట్రోలర్ పట్టుకునేవాళ్లూ ఉన్నారు. వీళ్లందరికీ డబ్బూ లెక్కే, టైమూ లెక్కే. అందుకే నా మాట ముందే చెప్పేస్తాను. భయం కోసమైతే బ్లడ్‌బోర్న్, దానికి సాటి లేదు. ప్లేస్టేషన్ లేనివాళ్లకీ, ఇలాంటి ఆట ఇంతవరకూ ముట్టనివాళ్లకీ మాత్రం లైస్ ఆఫ్ పీ మేలు.

బ్లడ్‌బోర్న్ 2015 మార్చిలో ప్లేస్టేషన్ 4 (పీఎస్4) కోసం వచ్చింది. తయారుచేసింది జపాన్ కంపెనీ ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్, డైరెక్టర్ హిదెతాకా మియాజాకి. యార్నమ్ అనే ఊళ్లో రక్తంతో ఎంత మొండి రోగాన్నైనా నయం చేస్తారని పేరు. ఆ వైద్యం కోసం వచ్చిన పరదేశివి నువ్వు. వచ్చిన రాత్రే ఊళ్లో వేట మొదలవుతుంది, మనుషులు మృగాలుగా మారుతుంటారు. లైస్ ఆఫ్ పీ 2023 సెప్టెంబరులో వచ్చింది. దక్షిణ కొరియాలో నియోవిజ్ కంపెనీకి చెందిన రౌండ్8 స్టూడియో దీన్ని చేసింది. పినోకియో కథనే తీసుకుని చీకట్లోకి నడిపించారు. క్రాట్ నగరంలో మరబొమ్మలు పిచ్చెక్కి యజమానుల్నే చంపేశాయి, వాటి మధ్య నడిచే నువ్వూ ఒక బొమ్మవే.

రెండూ కష్టమే, రెండింట్లోనూ చావడం మామూలే. తేడా ఎక్కడంటే, లైస్ ఆఫ్ పీలో కష్టం వేరు, భయం వేరు. బ్లడ్‌బోర్న్‌లో ఆ రెండూ ఒకటే.

యార్నమ్ వీధుల్లో గొలుసులు చుట్టిన శవపేటికలు రోడ్డు మీదే పడి ఉంటాయి. కిటికీల దగ్గర దీపాలు వెలుగుతుంటాయి. తలుపు తడితే లోపల్నుంచి ఎవరో నవ్వుతారు, లేదా తిట్టి పొమ్మంటారు. భీమిలిలో డచ్చివాళ్ల సమాధుల దగ్గర పొద్దుగూకే వేళ నిలబడ్డవాళ్లకు ఈ గుబులు కొంత తెలుసు. అక్కడ నిన్నెవరూ ఏమీ చెయ్యరు, అయినా మెడ వెనక ఎవరో ఉన్నట్టే ఉంటుంది. యార్నమ్‌లో మాత్రం మెడ వెనక నిజంగానే ఉంటారు.

ఆట మొదలయ్యే తీరే చూడండి. క్లినిక్‌లో బల్ల మీద కళ్లు తెరుస్తావు. మెట్లు దిగితే తోడేలు లాంటి మృగమొకటి శవాన్ని పీక్కు తింటుంటుంది. నీ చేతిలో ఆయుధం లేదు. పిడికిళ్లతో దాన్ని చంపేవాళ్లు లేకపోలేదు గానీ మామూలుగా అందరూ అక్కడే చస్తారు. చచ్చాక హంటర్స్ డ్రీమ్ అనే చోట లేస్తావు, ఆయుధాలు చేతికొచ్చేది అక్కడే. ఈ ఆటలో చావు కథలో భాగమని మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది.

కొట్టుకునే తీరు కూడా అంతే. డాలు అడ్డం పెట్టుకుని నెమ్మదిగా ఆడదామంటే కుదరదు. దెబ్బ తగిలిన వెంటనే, ఆ కొద్ది క్షణాల్లో తిరిగి కొడితే పోయిన ప్రాణంలో కొంత వెనక్కి వస్తుంది. దీన్ని ర్యాలీ అంటారు. అంటే ఒళ్లంతా వెనక్కి పరుగెత్తమంటున్న క్షణంలోనే ముందుకు దూకాలి. ఎడం చేతిలో తుపాకీ ఉంటుంది. శత్రువు చెయ్యెత్తి కొట్టబోయే క్షణం చూసి కాలిస్తే మోకాళ్ల మీద కూలబడతాడు, అప్పుడు దగ్గరికెళ్లి ఒక్క పోటు పొడవొచ్చు. చెప్పడం తేలిక. ఎదురుగా ఫాదర్ గ్యాస్కాయిన్ అనే పెద్ద శత్రువు గొడ్డలి పట్టుకుని ఉన్నప్పుడు ఆ క్షణం దాకా ఆగడానికి గుండె కావాలి.

గ్యాస్కాయిన్ దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఈ ఆట గొప్పతనమంతా ఆ ఒక్క పోరులోనే కనిపిస్తుంది. అంతకుముందు ఒక కిటికీ దగ్గర చిన్నపాప గొంతు వినిపిస్తుంది. అమ్మ నాన్నని వెతకడానికి వెళ్లి తిరిగి రాలేదని చెప్పి, నాన్నకి ఇష్టమైన పాట వచ్చే చిన్న మ్యూజిక్ బాక్స్ ఇస్తుంది. తర్వాత సమాధుల మధ్య గ్యాస్కాయిన్ ఎదురవుతాడు. సమాధి రాళ్లు అడ్డం పెట్టుకుని తిరుగుతూ, ప్రాణం మీదికొచ్చినప్పుడు ఆ బాక్స్ మోగిస్తే అతను తల పట్టుకుని ఆగిపోతాడు. ఆ పాప నాన్న ఎవరో అప్పుడు అర్థమవుతుంది. పక్కనే ఇంటి కప్పు మీద ఒక ఆడమనిషి శవం, ఎర్ర రాయి బ్రోచ్ (బట్టకు గుచ్చుకునే నగ). ఆ పాప అమ్మే ఆవిడ. ప్రాణం బాగా తగ్గాక అతను మృగంగా మారి మీద పడతాడు. ఆ పోరు గెలిచాక సంతోషంతో పాటు కడుపులో ఏదో బరువు మిగులుతుంది. తిరిగి ఆ కిటికీ దగ్గరికి వెళ్లి పాపకు ఏ దారి చెప్పినా మంచి జరగదు.

లైస్ ఆఫ్ పీలోనూ ఒక కిటికీ ఉంది. ఏడుస్తూ ఒకావిడ తన బిడ్డని తెచ్చిపెట్టమంటుంది. వెతికితే దొరికేది విరిగిపోయిన బొమ్మ. అది చేతికిచ్చాక, నా బిడ్డ ముద్దుగా ఉందా అని అడుగుతుంది. నిజం చెప్పాలా, అబద్ధం ఆడాలా అన్నది నీ ఇష్టం. ముద్దుగా ఉందని అబద్ధం ఆడితే నీ లోపలి మరల్లో ఏదో కదులుతుంది, మనిషితనం పెరుగుతుంది. నాకు ఈ ఆటలో బాగా నచ్చింది ఇదే. పినోకియో అబద్ధాన్ని దయగా మార్చడం చాలా అందమైన ఆలోచన. కానీ గమనించండి, అక్కడ ఆట నిన్ను అడుగుతుంది, నువ్వు ఎంచుకుంటావు. యార్నమ్‌లో ఎవరూ అడగరు. తెలిసేసరికే అంతా అయిపోయి ఉంటుంది.

బ్లడ్‌బోర్న్‌లో ఇన్‌సైట్ అని ఒక అంకె ఉంటుంది. తెలియని వాటిని చూసేకొద్దీ పెరుగుతుంది. అది సున్నా ఉన్నప్పుడు హంటర్స్ డ్రీమ్‌లోని బొమ్మ ఒట్టి బొమ్మే. ఒక్కటి రాగానే లేచి నిలబడి మాట్లాడుతుంది. నలభైకి చేరితే, ఇంతకాలం నువ్వు నడిచిన చర్చి గోడల మీద బోలెడు చేతుల జీవాలు వేలాడుతూ కనిపిస్తాయి. అవి ముందునుంచీ అక్కడే ఉన్నాయి. మా పిన్ని కొడుకు గాజువాక నుంచి అర్ధరాత్రి ఫోన్ చేసి, "అన్నయ్యా, ఇంతసేపూ నేను దీని కిందే తిరిగానా!" అన్నాడు. మృగాల కథ అనుకుని మొదలుపెట్టినది సగం దాటాక ఆకాశం వైపు తిరుగుతుంది, చంద్రుడు ఎర్రబడతాడు. అంతకు మించి చెప్పను.

లైస్ ఆఫ్ పీలో భయం కంటికి కనబడేది. మొదటి పెద్ద శత్రువు పరేడ్ మాస్టర్ పోరు మధ్యలో తన తల తానే పీకి చేతికి తగిలించుకుని సుత్తిలా కొడతాడు. చూసి నోరు తెరుస్తాం, కానీ నిద్ర పట్టకపోవడం అంటూ ఉండదు. పోరు విషయానికొస్తే మాత్రం ఇది చాలా శుద్ధమైన ఆట. దెబ్బ పడే క్షణానికి సరిగ్గా గార్డ్ (అడ్డుకునే బటన్) నొక్కితే ప్రాణం పోదు, పైగా శత్రువు ఆయుధమే విరిగిపోవచ్చు. ఒక కత్తి పిడిని ఇంకో కత్తి అలుగుకు బిగించి కొత్త ఆయుధం చేసుకోవచ్చు. ఎందుకు చచ్చామో ప్రతిసారీ స్పష్టంగా తెలుస్తుంది. ప్రాణం నింపే మందు అయిపోయిందా, శత్రువుని కొడుతూ ఉంటే ఒకటి తిరిగి నిండుతుంది.

ఇక్కడ బ్లడ్‌బోర్న్ వెనకబడుతుంది, అది ఒప్పుకోవాల్సిందే. అందులో ప్రాణం నింపే బ్లడ్ వయల్స్ మామూలుగా ఒకేసారి ఇరవై వరకే పట్టుకెళ్లగలం, దాచుకున్నవి కూడా అయిపోతే పాత వీధులకెళ్లి చిన్న శత్రువుల్ని చంపి పోగెయ్యాలి. పెద్ద పోరులో పదే పదే చచ్చి, ఆపైన ఈ పని చెయ్యడం విసుగు. తెర మీద కదలిక సెకనుకు 30 ఫ్రేములే (బొమ్మలే), పీఎస్5లో పెట్టినా అంతే. చాలిస్ డంజన్లు అనే నేలమాళిగలు కొంతసేపటికి ఒకేలా అనిపిస్తాయి. ఆట మధ్యలో పాజ్ లేదు. అన్నం చల్లారిపోతోందని అమ్మ వంటింట్లోంచి పిలిస్తే ముందు శత్రువుల్లేని మూల వెతుక్కోవాలి. పీసీ వెర్షన్ సోనీ ఇంతవరకూ తీసుకురాలేదు. తెలుగు సబ్‌టైటిల్స్ రెండింటికీ లేవు. బ్లడ్‌బోర్న్ కథ ఎక్కువగా వస్తువుల వర్ణనల్లో, అదీ మెలికల ఇంగ్లీషులో దాగి ఉంటుంది. లైస్ ఆఫ్ పీ కథ తిన్నగానే చెబుతుంది.

ఎల్డెన్ రింగ్ సంగతేంటని అడిగేవాళ్లుంటారు. 2022 ఫిబ్రవరిలో వచ్చిన మహా ఆట అది, అదీ ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్‌దే. ఒకచోట కష్టమైతే గుర్రమెక్కి ఇంకో దిక్కుకు పోవచ్చు. ఆ స్వేచ్ఛే దాని బలం, గోతిక్ భయానికి అదే శత్రువు. ఇరుకు సందులో ఇరుక్కున్న ఫీలింగ్ కావాలంటే అక్కడ దొరకదు.

కాబట్టి ఆటలు ఆడగల ల్యాప్‌టాపో, ఎక్స్‌బాక్సో ఉన్నవాళ్లకు ఆలోచించే పని లేదు, లైస్ ఆఫ్ పీ తీసుకోండి. 2025 జూన్‌లో ఓవర్చర్ అనే అదనపు భాగం వచ్చినప్పుడు కష్టాన్ని తగ్గించుకునే ఆప్షన్లు కూడా ఇచ్చారు. షిఫ్ట్ అలసటతో రోజుకో గంట ఆడేవాళ్లకు అది పెద్ద ఊరట, వాడుకోవడానికి మొహమాటం అక్కర్లేదు. పీఎస్4 గానీ పీఎస్5 గానీ ఇంట్లో ఉండి, ఇలాంటి ఆట ఇదివరకు ఆడి ఉంటే మాత్రం ముందు బ్లడ్‌బోర్న్ పెట్టండి. డిస్క్ పట్టే మెషీన్ అయితే సెకండ్ హ్యాండ్‌లో కొని, ఆడాక అమ్ముకోవచ్చు కూడా. లైట్లు ఆర్పి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆడండి, ఆ శబ్దాలు సగం ఆట. గ్యాస్కాయిన్ దగ్గర ఆగిపోతే వదిలెయ్యొద్దు, అది దాటితే చేతులకు పట్టు దొరుకుతుంది. 2015 నవంబరులో వచ్చిన ఓల్డ్ హంటర్స్ అనే అదనపు భాగాన్ని కూడా కలిపే తీసుకోండి. వికర్ అమీలియా అనే పెద్ద శత్రువుని ఓడించాక దానికి దారి తెరుచుకుంటుంది గానీ అప్పుడే వెళ్లొద్దు. అక్కడి లుడ్విగ్ అనే పెద్ద శత్రువుని ఎదుర్కోవాలంటే మామూలు ఆటలో చాలా దూరం వచ్చి, ఆయుధాన్ని బాగా పెంచుకుని వెళ్లాలి.