బెండకాయ అచ్చులా, గునుగు పూలా, మక్క కంకా: చిన్నపిల్లల చేతికి ఏది మేలు?

దసరా సెలవులు దగ్గర పడుతున్నాయంటే ప్లేస్కూలు టీచర్లకు ఒక టెన్షన్ మొదలవుతుంది. పంటల కాలం మీద పిల్లలతో ఏదో ఒకటి చేయించాలి, ఆ ఫొటోలు సాయంత్రానికి తల్లుల వాట్సాప్ గ్రూపులో పడాలి. ఐడియా కోసం నెట్‌లో వెతికితే ఎర్రబడిన మేపుల్ ఆకులు, నారింజ రంగు గుమ్మడికాయలు వస్తాయి. మా వరంగల్ వైపు అక్టోబరులో ఏ చెట్టు ఎర్రబడిందని? ఇక్కడ కళ్ళకు కనిపించేది గట్ల మీద తంగేడు, చేలల్లో గునుగు, ఇంటి ముందు ఎండబోసిన మక్కలు. మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలతో మూడు రకాలు చేయించి చూశాను.

అందరూ చేసేది బెండకాయ అచ్చులు. అడ్డంగా కోసి రంగులో అద్దితే కాగితం మీద పువ్వు పడుతుంది. కోసిన ముక్కను కాసేపు ఆరనివ్వాలి, లేకపోతే జిగురుకు రంగు జారిపోతుంది. పళ్ళెంలో రంగు పోసేయకుండా తడిగుడ్డ మీద రాసి అద్దమంటే పువ్వు పువ్వులా వస్తుంది. ఖర్చు తక్కువ, ఫొటో బాగుంటుంది. కానీ పది నిమిషాల్లో పిల్లలకు విసుగొస్తుంది. కోసింది నేను, రంగు కలిపింది నేను, వాళ్ళు అద్దారంతే. ఇరవై కాగితాలు గోడకు అంటిస్తే ఏది ఎవరిదో తల్లులకే తెలియదు.

గునుగు పూల సంగతి వేరు. బతుకమ్మ తొమ్మిది రోజుల్లో ఈ పూలు ఊరికే దొరుకుతాయి. కాడలు సమానంగా కత్తిరించడం పెద్దవాళ్ళ పని. కొసలను రంగునీళ్ళలో ముంచడం మాత్రం పిల్లలకు మహా ఇష్టం. ముంచడం, ఎత్తి చూడడం, మళ్ళీ ముంచడం! బజారులో దొరికే రంగుపొడి వద్దు, వేళ్ళు నోట్లోకి పోయే వయసు. పసుపు నీళ్ళు, బీట్‌రూట్ నీళ్ళు చాలు. రంగు లేతగానే వస్తుంది, పిల్లలకు దాంతో పేచీ లేదు. చిన్న స్టీలు పళ్ళెంలో గుమ్మడాకు పరిచి, అంచు చుట్టూ ఒక వరుస పేర్చమంటే నాలుగేళ్ళవాళ్ళు పేరుస్తారు. రెండో వరుసకు కూలిపోతుంది, అక్కడ మనం చెయ్యి వేయాలి. ఆ చెయ్యి ఎక్కువైతే మళ్ళీ బెండకాయ కథే.

ఒకసారి ఓ పిల్ల తాను పేర్చినదాన్ని టకటకా విప్పేసి బంతిపూల రేకులన్నీ తుంచడం మొదలుపెట్టింది. తీసుకెళ్ళడానికి వచ్చిన వాళ్ళ నాయనమ్మకు అది నచ్చలేదు. "బతుకమ్మంటే ఆటబొమ్మ కాదు బిడ్డా" అంది. ఆమె మాటా నిజమే. అప్పటినుంచి మేము దాన్ని బతుకమ్మ అనడం మానేసి పూలపళ్ళెం అంటున్నాం. ఎంత తుంచినా ఎవరికీ బాధ లేదు.

మక్క కంకి మీద మొదట నాకు పెద్దగా ఆశ లేదు. ఎండిన కంకి నుంచి గింజ ఊడబీకడం చిన్న వేళ్ళ వల్ల కాదు. కిటుకు మా అత్తమ్మ చెప్పింది: ముందు ఒక నిలువు వరుస మనం తీసేసి ఇవ్వాలి. ఆ ఖాళీలోకి పక్క గింజను బొటనవేలితో నెడితే టప్పున ఊడుతుంది. ఒక్క గింజ ఊడిందా, ఇక పిల్లలు కంకి వదలరు. అరక్షణం కుదురుగా కూర్చోని ఒక బాబు అరగంట పైగా నోరెత్తకుండా ఒలిచాడు. రేపు పెన్సిల్ పట్టాల్సిన వేళ్ళకు ఇంతకన్నా మంచి కసరత్తు నాకు తెలియదు. ఒలిచిన గింజలు గిన్నెలోంచి గిన్నెలోకి పోసుకోవడం మరో ఆట. చివరికి కోళ్ళకు వేస్తాం కాబట్టి తిండి పారేశారన్న మాట కూడా రాదు.

ఒక్క భయం ఉంది. ఓ పిల్లాడు గింజను ముక్కులో దూర్చుకున్నాడు. మేము పిన్నుతో కెలకకుండా ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పరుగెత్తాం, క్షణంలో తీసేశారు. తడికి గింజ ఉబ్బుతుంది, రేపు చూద్దాం అనుకోకూడదు. అందుకే మూడేళ్ళు నిండని పిల్లలకు మక్కలు ఇవ్వను. నిండినవాళ్ళకైనా ఐదారుగురికి ఒక పెద్ద మనిషి పక్కనే కూర్చోవాలి, ఫోన్ చూడకుండా.

కాబట్టి నా లెక్క ఇది. ఇంట్లో మూడేళ్ళ లోపు బిడ్డ ఉంటే పూలపళ్ళెం, అది కూడా మన కళ్ళెదుటే. దాటితే కంకి. బెండకాయను కూరకే ఉంచండి. అచ్చులు కావాల్సిందే అంటారా, గింజలన్నీ ఒలిచాక మిగిలిన మక్క బెండుకు రంగు పూసి కాగితం మీద దొర్లించమనండి. గుంటగుంటలుగా చుక్కల చారలు పడతాయి, ఒకరివి ఇంకొకరివిలా ఉండవు. నేను చూపించలేదు. ఆ అరగంట బాబే ఖాళీ బెండును పళ్ళెంలో మిగిలిన రంగులో దొర్లించి, అక్కడినుంచి నా చున్నీ మీద దొర్లించాడు.