సుంకి ఘాట్‌లో మూడో గేరు: సైలెన్సర్ మార్చాక నా క్లాసిక్ 350

కొరాపుట్ వానలకు నా రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 (బీఎస్4, అంటే పాత పొగ నిబంధనల నాటి కార్బురేటర్ బండి) కంపెనీ సైలెన్సర్ అడుగున తుప్పు పట్టి చిల్లు పడింది. అప్పటి నుంచి దాని చోట రెండు బయటి సైలెన్సర్లు వాడాను. మొదటిది పొట్టిది, లోపల అడ్డేమీ లేని ఓపెన్ పైపు. రెండోది పొడవైనది, లోపల బ్యాఫిల్ (శబ్దం తగ్గించే అడ్డు), గ్లాస్ ఊల్ (శబ్దాన్ని పీల్చుకునే గాజు దూది) ఉన్నది. ఈమధ్య బెండ్ పైపు (ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కు పొగ తెచ్చే వంపు గొట్టం) గాస్కెట్ మార్చే పని పడితే, పనిలో పనిగా కొత్త కంపెనీ సైలెన్సర్ కూడా కొని కొన్నాళ్లు నడిపాను. అత్తవారిది కొండ కింది సాలూరు కాబట్టి, కొరాపుట్‌కూ దానికీ మధ్యనున్న సుంకి ఘాట్ ఎక్కడం దిగడం మాకు మామూలే. వెనక మా ఆవిడ, సీటు పక్కన బియ్యం సంచి, ముందు లోడుతో మూలుగుతూ ఎక్కే లారీ. ఈ రోడ్డు మీద బండి ఎలా లాగిందన్నదే నా లెక్క. హైవే మీద టాప్ స్పీడ్ గురించి నేను చెప్పేదేమీ లేదు.

ముందు అంకెలు చూద్దాం. ఈ ఇంజిన్ 346 సీసీ. బోర్ (సిలిండర్ వెడల్పు) 70 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 90. టార్క్ (తిప్పే బలం) 28 న్యూటన్ మీటర్లు, అదీ 4000 ఆర్‌పీఎం దగ్గర. 19.8 హార్స్‌పవర్ మాత్రం 5250 దగ్గర వస్తుంది. అక్కడ టార్క్ ఎంతుందో లెక్క కడితే 27కి కాస్త తక్కువే తేలుతుంది. అంటే ఇది పై ఆర్‌పీఎంలో విజృంభించే ఇంజిన్ కాదు, కింద నుంచి నింపాదిగా లాగే ఇంజిన్. ఘాట్ మలుపులో మూడో గేరులో గంటకు 30 కిలోమీటర్ల వేగం ఉంటే ఇంజిన్ సుమారు 2000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది. బండి 190 కిలోలు పైనే, దాని మీద మేమిద్దరం, సంచి. అంత బరువును పైకి లాగాల్సింది ఆ 2000 దగ్గరే.

పొట్టి పైపు సరిగ్గా అక్కడే చేతులెత్తేసింది. కిక్ కొట్టగానే గుండె అదిరే శబ్దం. థ్రాటిల్ తిప్పితే బండి ఎగిరి దూకుతుందనిపిస్తుంది. కానీ సుంకి దాటాక వచ్చే మలుపుల్లో, కంపెనీ సైలెన్సర్‌తో మూడో గేరులో పోయే చోట రెండోది వేయక తప్పలేదు. మూడులోనే పట్టుబట్టి తిప్పితే ఇంజిన్ గుడగుడమంటూ కొట్టుకునేది. సాలూరు నుంచి పార్వతీపురం వైపు సాఫు రోడ్డులో మాత్రం పైన కాస్త స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు అనిపించింది. అందులో బండి వేగం ఎంతో, చెవికి వినిపించిన వేగం ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

చాలామంది దీనికి ‘బ్యాక్ ప్రెషర్ పోయింది’ అంటారు, అంటే పైపులో పొగకు ఎదురొత్తిడి తగ్గిందని. అసలు సంగతి వేరు. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే ఒత్తిడి అల ఒకటి పైపులో పరుగెత్తుతుంది. తెరిచిన కొస తగలగానే అది తిరగబడి, పీల్చే అలగా మారి వెనక్కి వస్తుంది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ తెరిచి ఉండే ఆ కొద్ది క్షణంలో అది అందితే పాత పొగను బయటికి లాగి కొత్త పెట్రోలు-గాలి మిశ్రమానికి చోటిస్తుంది. వేడి పొగలో అల వేగం సెకనుకు 500 మీటర్ల పైమాటే. మీటరు పైపులో వెళ్లి రావడానికి దాదాపు 4 మిల్లీ సెకన్లు పడుతుంది. ఎగ్జాస్ట్ స్ట్రోక్‌కు 4000 ఆర్‌పీఎంలో ఏడున్నర మిల్లీ సెకన్లు పడితే, 2000లో 15 పడతాయి. పైపు పొట్టిదైతే ఆ అల తక్కువ ఆర్‌పీఎంలో మరీ తొందరగా వచ్చి వెళ్లిపోతుంది. దానికి తోడు పైపు లావైతే పొగ వేగం తగ్గి, సిలిండర్ శుభ్రంగా ఖాళీ కాదు. పోయేది ఒత్తిడి కాదు, అదను.

రెండో సమస్య పెట్రోలు. సైలెన్సర్ తెరుచుకుంటే గాలి ఎక్కువ పోతుంది. కార్బురేటర్ జెట్ (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం) పాతదే ఉంటే మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గి అది పలచబడుతుంది. థ్రాటిల్ వదిలి ఘాట్ దిగేటప్పుడు టపటపా పటాకులు పేలేది అందుకే. ప్లగ్ విప్పి చూస్తే కొస గోధుమ రంగులో ఉండాల్సింది, సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. బెండ్ పైపు తల దగ్గర నీలం రంగుకు తిరిగింది. మా మెకానిక్ మెయిన్ జెట్ ఒక సైజు పెంచి, పైలట్ స్క్రూ (తక్కువ థ్రాటిల్‌లో మిశ్రమాన్ని సర్దేది) సర్దాక ప్లగ్ రంగు దారికొచ్చింది, పటాకులు చాలావరకు తగ్గాయి. కింది లాగుడు మాత్రం తిరిగి రాలేదు. ఇంకోటి, కొరాపుట్ ఎత్తు 900 మీటర్లకు దగ్గర. సాలూరుతో పోలిస్తే గాలి పలచన, అందుకే పైకి వచ్చాక మిశ్రమం కాస్త చిక్కబడుతుంది. కొరాపుట్‌లో జెట్ సరిపోయిందనుకుని కిందికి దిగితే మళ్లీ పలచబడుతుంది. జెట్ సరిచూడాల్సింది కింద, సాలూరులో.

పొడుగు సైలెన్సర్‌తో పరిస్థితి మారింది. బ్యాఫిల్ ఉంచి, దానికి తగ్గ జెట్ వేశాక మూడో గేరు మళ్లీ మలుపులో నిలబడింది. దేవమాలి కొండ రోడ్డు మీద కూడా క్లచ్ నొక్కి ఏడిపించాల్సిన పని రాలేదు. అయితే కంపెనీ సైలెన్సర్ కన్నా ఎక్కువ లాగిందా అంటే, లేదు. దాదాపు సమానం. ఖాయంగా దక్కిన లాభం బరువు: రెండూ చేతుల్లోకి తీసుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. బ్యాఫిల్ తీసేస్తే మాత్రం ఇదీ పొట్టి పైపు దారే పడుతుంది, శబ్దమూ అంతే. మైలేజీలో గుర్తుపట్టేంత తేడా రాలేదు.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. 175 సీసీ దాటిన బండ్లకు శబ్దం హద్దు 80 డెసిబెల్స్. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు పడొచ్చు, లైసెన్సూ మూడు నెలలు పోతుంది. అది అటుంచినా, తెల్లవారుజామున పొట్టంగి ఊళ్ల మధ్య నుంచి ఆ పొట్టి పైపుతో పోవడం నాకు నచ్చలేదు. రోడ్డు పక్కన సంతకు నడిచి వెళ్లే ఆడవాళ్లు, మేకలు ఒక్కసారిగా ఉలిక్కిపడతాయి.

బీఎస్6 (కొత్త పొగ నిబంధనల, ఇంజెక్షన్) బండి వాళ్లకు ఒక మాట. మీకు జెట్ ఉండదు, ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) సర్దుకుంటుంది. కానీ థ్రాటిల్ పూర్తిగా తిప్పి ఎక్కేటప్పుడు అది ముందే రాసిపెట్టిన మ్యాప్ (ఎంత పెట్రోలు పోయాలో చెప్పే పట్టిక) మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. కాబట్టి ‘ఇంజెక్షన్ బండి, దానంతటదే సరిచేసుకుంటుంది’ అనే షాపువాళ్ల మాట సగమే నిజం. బెండ్ పైపుతో సహా మార్చి కన్వర్టర్ (పొగలోని విషవాయువులు తగ్గించే భాగం) తీసేయమంటే ఒప్పుకోకండి.

ఏ సైలెన్సర్ వేసినా, మొదటి ఘాట్ ఎక్కి దిగాక ఇంజిన్ చల్లారనిచ్చి హెడ్ దగ్గరి నట్లు మళ్లీ బిగించండి. అక్కడ గాస్కెట్ సన్నగా లీకైతే బయటి గాలి లోపలికి పోయి పటాకులు పేలతాయి. ఆ తప్పు జెట్ మీదికి నెట్టి, బాగున్న కార్బురేటర్‌ను విప్పుతూ కూర్చునేవాళ్లను మా బజారులోనే చాలామందిని చూశాను.