మస్టాంగ్‌కు 305 టైర్లు: చాలాకాలం నడిపాక నా అభిప్రాయం

వెడల్పు టైర్లు వేసుకోవాలనుకునేవారు సాధారణంగా టైర్ల జాబితా ముందేసుకుని కూర్చుంటారు. నన్నడిగితే ముందు చూడవలసింది రిమ్. సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) మీద 305 అని, అంటే 305 మిల్లీమీటర్ల వెడల్పని, అచ్చువేసి ఉన్నంత మాత్రాన నేల మీద ఆ వెడల్పు రాదు. ఆ టైరు ఎంత వెడల్పు రిమ్ మీద కూర్చుందన్నదే అసలు సంగతి.

నాది 2016 ఫోర్డ్ మస్టాంగ్ జీటీ, పర్ఫార్మెన్స్ ప్యాకేజీతో వచ్చిన కారు. కంపెనీ ఇచ్చినవి ముందు 9 అంగుళాల రిమ్ మీద 255/40ఆర్19, వెనుక 9.5 అంగుళాల రిమ్ మీద 275/40ఆర్19. ఈ రాతలో మొదటి అంకె మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, రెండోది ఆ వెడల్పులో సైడ్‌వాల్ ఎత్తు ఎంత శాతమో, చివరిది అంగుళాల్లో రిమ్ వ్యాసం. వాటిని తీసి ముందు 10 అంగుళాల రిమ్ మీద 285/35ఆర్19, వెనుక 11 అంగుళాల రిమ్ మీద 305/35ఆర్19 వేయించాను. ఒక సెట్ పూర్తిగా అరిగాక, అదే కొలతలో వేరే కంపెనీ సెట్ నడుపుతున్నాను. రెండూ వేసవికి ఉద్దేశించిన పర్ఫార్మెన్స్ టైర్లే. బ్రాండ్ల పేర్లు కావాలనే చెప్పడం లేదు. కంపెనీ మారినా కారు గుణం పెద్దగా మారలేదు. నేను చూసిన మంచీ చెడూ చాలావరకు కొలత తెచ్చినవే.

రిమ్ మాట ముందెందుకు ఎత్తానో చెబుతాను. ప్రతి టైరుకూ ఒక కొలత రిమ్ ఉంటుంది. కంపెనీ ఆ టైరు వెడల్పును కొలిచి చెప్పేది ఆ రిమ్ మీదనే. 305/35కు అది 11 అంగుళాలు. రిమ్ వెడల్పు అర అంగుళం మారితే టైరు వెడల్పు దాదాపు 5 మిల్లీమీటర్లు మారుతుంది. అంతవరకైతే పెద్ద నష్టం లేదు, ఆకారం చెడటమే నష్టం. నాకు తెలిసినవారొకరు ఇదే మోడల్‌కు పాత 9.5 అంగుళాల రిమ్‌లే ఉంచి 305లు ఎక్కించుకున్నారు. టైరు వెనుకనుంచి చూస్తే నోరు బిగించి కట్టిన బస్తాలా ఉంది: అంచులు లోపలికి ముడుచుకున్నాయి, మధ్యభాగం ఉబ్బింది. లోతు కొలిచే గేజీ పెడితే మధ్య గాడి ఒక లెక్క, అంచు గాడి ఒక లెక్క చూపించింది. ఆ కారు నేను నడిపి చూశాను. స్టీరింగు తిప్పిన క్షణానికీ వెనుకభాగం దారిలోకి వచ్చే క్షణానికీ మధ్య ఒక చిన్న ఊగు. టైరు వంగి, ఆగి, అప్పుడు పట్టుకుంటోంది. పాత 275 అదే రిమ్ మీద ఇంతకన్నా నమ్మకంగా ఉండేది.

దీనికి నా మాటే సాక్ష్యం కానక్కరలేదు. కార్ల కంపెనీలు ఏం చేశాయో చూడండి. 2018లో వచ్చిన మస్టాంగ్ పర్ఫార్మెన్స్ ప్యాక్ లెవెల్ 2కు ఫోర్డ్ నాలుగు వైపులా 305/30ఆర్19 ఇచ్చింది. రిమ్‌లు ముందు 10.5, వెనుక 11 అంగుళాలు. కమారో ఎస్ఎస్ 1ఎల్ఈకి వెనుక 305/30 వేసిన షెవ్రొలే కూడా 11 అంగుళాల రిమ్‌నే వాడింది. డాడ్జ్ ఛాలెంజర్ వైడ్‌బాడీలో 305/35ఆర్20 కింద 11 అంగుళాల రిమ్ పట్టడానికి ఫెండర్లనే (చక్రాలపై ఉండే బాడీ రేకులనే) బయటికి జరిపారు. 305 వేసిన చోట వీరెవరూ 9.5తో సరిపెట్టలేదు. ఖర్చు తగ్గించుకునే దారి ఉంటే వాళ్లు వదిలేవారా?

పాత రోజుల మజిల్ కార్లతో (బలమైన ఇంజన్ల అమెరికన్ కార్లతో) పోలిస్తే ఇదంతా విచిత్రంగానే ఉంటుంది. 1964 పాంటియాక్ జీటీఓ 14 అంగుళాల చక్రాల మీద, ఎత్తైన సైడ్‌వాల్ ఉన్న బయాస్ ప్లై (లోపలి దారాలు ఏటవాలుగా పేర్చిన పాతకాలపు) టైర్ల మీద నడిచింది. ఆ దశాబ్దం చివర్లో ఎఫ్70-14 అనే కొలత గొప్ప వెడల్పుగా చెలామణి అయింది. ఇంజను బలం కోసం కొన్న కారుకు ఆ బలాన్ని నేలకు దించే దారి దశాబ్దాల తరబడి ఇరుకుగానే ఉండిపోయింది.

ఇక ఆఫ్‌సెట్. చాలామంది జారేది ఇక్కడే. రిమ్ వెడల్పు మధ్యగీతకూ, హబ్‌కు (కారువైపు చక్రం బిగించే భాగానికి) ఆనుకునే తలానికీ మధ్య ఉన్న దూరం అది. నా పాత వెనుక రిమ్ 9.5 అంగుళాలు, ఆఫ్‌సెట్ ప్లస్ 52.5. కొత్తది 11 అంగుళాలు, ప్లస్ 50. వెడల్పు ఒకటిన్నర అంగుళం, అంటే 38 మిల్లీమీటర్లు పెరిగింది. అందులో సగం లోపలికి, సగం బయటికి వేసి, ఆఫ్‌సెట్‌లో తగ్గిన 2.5 మిల్లీమీటర్లు బయటివైపుకు జరిపితే, రిమ్ లోపలి అంచు ఇంకా లోపలికి సుమారు 16.5, బయటి అంచు ఇంకా బయటికి సుమారు 21.5 మిల్లీమీటర్లు జరుగుతాయి. ముందువైపు 9 అంగుళాలు ప్లస్ 45 నుంచి 10 అంగుళాలు ప్లస్ 40కి మారాను కనుక, అక్కడ లోపలికి 7.7, బయటికి 17.7. ఈ నాలుగు అంకెలు చేతిలో ఉంటే ‘ఈ రిమ్ పడుతుందా’ అని ఎవరినీ అడగనక్కరలేదు. పాత చక్రం బిగించి ఉండగానే ఎక్కడెంత జాగా మిగిలిందో కొలుచుకుంటే చాలు.

ఆ కొలవడం కూడా స్కేలుతో కుదరదు. చెయ్యి పట్టని చోట్లే ముఖ్యమైనవి. పిల్లలు ఆడుకునే బంకమట్టి ముద్దలు తీసుకుని ముందు స్ట్రట్ (చక్రానికి లోపలివైపు ఉండే సస్పెన్షన్ కంబం) మీద, వెనుక సస్పెన్షన్ ఆర్మ్ మీద, ఫెండర్ లోపలి మడత మీద అంటించాను. స్టీరింగు ఒక చివరినుంచి ఇంకో చివరికి తిప్పి, ఎగుడుదిగుడు రోడ్డు మీద నిదానంగా ఒక చుట్టు తిరిగి వచ్చి చూస్తే ఎక్కడ ముద్ద నలిగిందో, ఎంత మందం మిగిలిందో కళ్లకు కట్టినట్టు కనిపించింది. ముందు లోపలివైపు స్ట్రట్‌కూ టైరుకూ మధ్య జాగా కాస్తే. అక్కడ ఆఫ్‌సెట్ ఇంకా ఎక్కువగా ఉన్న రిమ్ కొని ఉంటే స్పేసర్ (హబ్‌కూ రిమ్‌కూ మధ్య వేసే పలక) తప్పేది కాదు. పర్ఫార్మెన్స్ ప్యాకేజీ కారుకు ముందు ఆరు పిస్టన్ల బ్రెంబో కాలిపర్లు (బ్రేకు డిస్కును నొక్కి పట్టే భాగాలు) ఉంటాయి కాబట్టి రిమ్ కమ్మీల వంపు కూడా వాటికి తగలకూడదు. రిమ్ మధ్య రంధ్రం మస్టాంగ్ హబ్‌కు సరిపోయే 70.5 మిల్లీమీటర్లు కాకుండా పెద్దదైతే ఆ సందు నింపే రింగులు వేయించుకోండి, లేదంటే హైవే వేగంలో స్టీరింగు వణుకుతుంది. నట్లు 150 పౌండ్ ఫీట్‌కు, అంటే 204 న్యూటన్ మీటర్లకు టార్క్ రెంచితో బిగించి, కొన్ని పదుల మైళ్లు తిరిగాక మళ్లీ సరిచూడాలి.

305/30 కాకుండా 305/35 ఎందుకని చాలామంది అడిగారు. పాత వెనుక టైరు వ్యాసం 702.6 మిల్లీమీటర్లు. 305/35 అయితే 696.1, తేడా ఒక శాతం లోపే. 305/30 అయితే 665.6. అయిదు శాతానికి పైగా తగ్గుతుంది, కారు వెనుక పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, స్పీడోమీటరు ఉన్నదానికన్నా ఎక్కువ వేగం చూపిస్తుంది. గుంతలో పడ్డప్పుడు రిమ్‌ను కాపాడే రబ్బరూ తగ్గుతుంది. లెవెల్ 2 కారును ఆ టైరు చుట్టూనే సవరించారు, మన కారును కాదు. ముందు టైరు ఎంపిక కూడా ఈ లెక్క మీదే జరిగింది. కంపెనీ అమరికలో వెనుక టైరు ముందుదానికన్నా 2.3 శాతం పెద్దది. 285/35, 305/35 జతలో ఆ తేడా 2 శాతం. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, అవి జారి గిర్రున తిరగకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ చక్రాల వేగాలను పోల్చి చూసుకునే కారులో ఈ నిష్పత్తి దగ్గరగా ఉండటం మంచిది. ఇన్నాళ్లలో హెచ్చరిక దీపం ఒక్కసారీ వెలగలేదు.

మరి నడిపితే ఎలా ఉంది? రెండో గేరులో నిండుగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు తేడా స్పష్టం. మునుపు వెనుకభాగం పక్కకు ఒరిగి ట్రాక్షన్ కంట్రోల్ ఇంజను గొంతు నొక్కే చోట, ఇప్పుడు కారు నేలను పట్టుకుని ముందుకు పోతుంది. మలుపు మధ్యలో గ్యాస్ ఇవ్వగలిగే ధైర్యం ముందుగానే వస్తుంది. కానీ దీన్ని వెడల్పు మాయ అనుకోకండి. టైరు మీద పడే బరువును గాలి ఒత్తిడితో భాగిస్తే దాదాపుగా నేలను తాకే వైశాల్యం వస్తుంది. బరువూ ఒత్తిడీ అవే అయినప్పుడు వెడల్పు పెంచితే వైశాల్యం అంతగా పెరగదు, దాని ఆకారం మారుతుంది: పొడుగు తగ్గి అడ్డం పెరుగుతుంది. మలుపులో టైరు తక్కువ కోణంలోనే అవసరమైన బలం ఇస్తుంది, వేడి ఎక్కువ రబ్బరులోకి పంచుకుంటుంది. అందుకే వెడల్పు టైరులో మెత్తని రబ్బరు వాడగలుగుతారు. పట్టులో పెద్ద వాటా ఆ రబ్బరుదే. చవక రకం 305కన్నా మంచి రకం 275 నయమని నేను మొహమాటం లేకుండా చెబుతాను.

వెనుక ఒక్కటే వెడల్పు చేసేవారికి ఒక మాట. ముందు 255 అలాగే ఉంచి వెనుక 305 వేస్తే మలుపులో ముక్కు బయటికి పోతుంది. వెనుక పట్టు పెరిగి ముందు పెరగకపోతే అంతే. తిన్నని దారిలో పరుగు మాత్రమే కావాలంటే సరే, మలుపులు ఇష్టమైతే ముందు చక్రాలకూ ఖర్చు పెట్టక తప్పదు.

ఇబ్బందులు లేకపోలేదు. బరువైన లారీలు తిరిగి చాళ్లు పడ్డ రోడ్డు మీద స్టీరింగు చేతిలోంచి లాగుతుంది. రెండు చేతులూ ఉంచి నడపాల్సిందే. చలి ఉదయం పార్కింగులో స్టీరింగు చివరిదాకా తిప్పి వెనక్కి తీస్తే ముందు టైర్లు గెంతుతూ టకటక శబ్దం చేస్తాయి. మొదటిసారి విన్నవారు ఏదో విరిగిందనుకుంటారు, ఏమీ కాదు. వేడెక్కిన రబ్బరు దారిలోని ప్రతి చిన్న రాయినీ ఎత్తి ఫెండర్ లోపల చిలకరిస్తుంది. నా కారు వెనుక చక్రాల ముందరి రంగు మీద చుక్కలు చుక్కలుగా దెబ్బలు పడ్డాయి. పారదర్శక ఫిల్మ్ అంటించాక ఆగాయి. ఆ పని టైర్లు వేసిన రోజే చేయించుకోవడం మేలు.

వాన విషయంలో జాగ్రత్త ఇంకొంచెం ఎక్కువ కావాలి. తడి రోడ్డు మీద బ్రేకులు బాగానే పడతాయి. నీరు నిలిచిన చోట మాత్రం వెడల్పు టైరు ఇరుకు టైరుకన్నా తక్కువ వేగంలోనే నీటి మీద తేలుతుంది, గాడులు అరిగేకొద్దీ మరీను. అరుగుదల గుర్తులు 1.6 మిల్లీమీటర్ల దగ్గర ఉంటాయి, కానీ అంతవరకు ఆగడం నాకు ఇష్టం లేదు. మొదటి సెట్‌ను 3 మిల్లీమీటర్ల దగ్గరే తీసేశాను. వాతావరణం 7 డిగ్రీల సెల్సియస్ కిందికి పోతే వేసవి రబ్బరు గట్టిపడి పట్టు పోతుంది. మంచు పడే చోట ఈ కారును గ్యారేజీలో ఉంచండి, లేదా ఇరుకైన శీతాకాలపు సెట్ వేరే పెట్టుకోండి. గాలి ఒత్తిడి కూడా చలికి తగ్గుతుంది: 10 ఫారన్‌హీట్ డిగ్రీలకు సుమారు 1 పీఎస్‌ఐ.

కొనేటప్పుడు సైడ్‌వాల్ మీద చదవవలసినవి కొన్ని ఉన్నాయి. అమెరికా ప్రభుత్వ పద్ధతిలో వేసే ట్రెడ్‌వేర్ అంకె అరుగుదల గురించి చెబుతుంది. 200 కన్నా 300 ఎక్కువకాలం మన్నాలి. అయితే ఆ పరీక్ష చేసుకుని అంకె వేసుకునేది టైరు కంపెనీయే. కనుక ఒకే కంపెనీ టైర్లను పోల్చుకోవడానికి పనికొస్తుంది, రెండు కంపెనీల మధ్య పంచాయితీకి పనికిరాదు. ఏఏ, ఏ అనే ట్రాక్షన్ గ్రేడు తడి నేల మీద తిన్నగా బ్రేకు వేసినప్పటి పట్టుది. మలుపు గురించి గానీ, నీటి మీద తేలడం గురించి గానీ అది ఏమీ చెప్పదు. బరువు అంకె పాత టైరుకన్నా తగ్గకూడదు: 101 అంటే ఒక్కో టైరుకు 825 కిలోలు. డీఓటీ (అమెరికా రవాణా శాఖ) కోడ్ చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 2321 అంటే 2021లో 23వ వారం. ఎక్కువగా అమ్ముడుపోని కొలతలు గోదాములో ఏళ్లు పడి ఉండే అవకాశం ఉంది కాబట్టి, బిగించక ముందే ఆ అంకెలు చూడండి.

అరుగుదలలో నాకు కనిపించిన తీరు ఇది: వెనుక టైర్ల లోపలి అంచు మిగతాదానికన్నా ముందు తరిగింది. చక్రాల అమరిక చూపిస్తే వెనుక టో (చక్రాలు తిన్నగా కాకుండా లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఎక్కువగా ఉంది. సరిచేయించాక రెండో సెట్ సమానంగా అరుగుతోంది. వెడల్పు పెరిగేకొద్దీ లోపలి అంచు కంటికి కనపడదు, వంగి చేత్తో తడిమితేనే తెలుస్తుంది. ముందు, వెనుక కొలతలు వేరు కనుక టైర్లను ముందువెనుకలుగా మార్చుకోవడం కుదరదు. వెనుకవి ఎప్పుడూ ముందే అయిపోతాయి. ఇది నచ్చనివారు నాలుగూ ఒకే కొలత వేసుకునే దారి చూడవచ్చు. ముందు జాగా మాత్రం మరింత జాగ్రత్తగా కొలవాలి.

ఇంకొకటి. మస్టాంగ్ జీటీలో వెనుక లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (రెండు వెనుక చక్రాలకూ బలాన్ని పంచుతూ, ఒకటే జారి తిరగకుండా ఆపే అమరిక) ఉంటుంది. మేకు గుచ్చుకుని ఒక వెనుక టైరు పనికిరాకుండా పోతే, సగం అరిగిన దాని పక్కన కొత్తది ఒక్కటే వేయకండి. రెండింటి వ్యాసాలు వేరై డిఫరెన్షియల్ తిన్నని దారిలో కూడా పనిచేస్తూనే ఉంటుంది. రెండూ కొనాలి. డిక్కీలో స్టెప్నీ బదులు గాలి పంపూ అంటుకునే ద్రవమూ మాత్రమే ఉన్న కార్లకు ఆ ద్రవం ట్రెడ్‌లోని చిన్న రంధ్రానికే పనికొస్తుంది, సైడ్‌వాల్ చినిగితే టో ట్రక్కును పిలవాల్సిందే.

నా రెండో సెట్‌లో ఇంకా సగానికి పైగా గాడి ఉంది. అది అయ్యాక కూడా వెనుక 305/35నే ఉంచుతాను, రబ్బరు మాత్రం వానలో ఇంకొంచెం మేలైన రకం చూస్తున్నాను.