పిల్ల క్లాసులో ఏడిస్తే: అక్కడే అడగాలా, పక్కకు పిలవాలా, ఇంటికి ఫోన్ చేయాలా?

లెక్కల పీరియడ్ మధ్యలో ఒక అమ్మాయి బెంచీ మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. అప్పుడు మన టీచర్లు చేసేది సాధారణంగా ఈ మూడింట్లో ఒకటి.

అందరి ముందు లేపి "ఎందుకేడుస్తున్నవ్?" అని అడగడం ప్రేమతోనే కావచ్చు. కానీ క్లాసంతా తననే చూస్తుంటే ఏ పిల్ల నిజం చెబుతుంది? "కడుపునొప్పి సార్" అని కూర్చుంటుంది. గుండె దడదడలాడుతూ ఊపిరి అందనప్పుడు మాట పెగలడమే కష్టం. ఇది వద్దనే అంటాను.

వెంటనే ఇంటికి ఫోన్ చేయడం బాధ్యతగానే అనిపిస్తుంది. జగిత్యాల, నిర్మల్ వైపు చాలా ఇళ్లలో నాన్న గల్ఫ్‌లో ఉంటాడు, ఫోన్ ఎత్తేది ఏ నానమ్మో. ఆమెకు టెన్షన్ తప్ప ఏం మిగలదు. పైగా ఏడుపుకు కారణం ఒక్కోసారి ఆ ఇంట్లోనే ఉంటుంది. పిల్లతో మాట్లాడకముందే ఇంటికి చెప్పడం ప్రమాదం.

నాకు మేలనిపించేది పక్కకు పిలవడమే. అంటే గంట కొట్టేదాకా పట్టించుకోకపోవడం కాదు. పాఠం నడుస్తుండగానే బెంచీ దగ్గరికి వెళ్లి, "నీళ్లు తాగి రా బిడ్డా, దోస్తును తోడు తీసుకపో" అని మెల్లగా అనాలి. ఇంటర్వెల్‌లో వరండాలో, అందరికీ కనబడేచోట, మాటలు మాత్రం వినబడనంత దూరంలో పక్కన కూర్చోవాలి. "పొద్దున్నుంచి డల్‌గా ఉన్నవ్, చూస్తున్న" అంటే చాలామంది నోరు విప్పుతారు. వినగానే సలహా ఇవ్వాలనిపిస్తుంది, ఆగాలి. "ఇంత చిన్నదానికా?" అన్నారంటే ఆ పిల్ల మళ్లీ మీ దగ్గరికి రాదు.

"ఎవరికీ చెప్పను" అని మాత్రం మాటివ్వకండి. లైంగిక వేధింపు సంగతి బయటపడితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి. దారి తోచకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది.

చచ్చిపోవాలని ఉందన్నట్టు మాట్లాడితే ఇంటర్వెల్‌దాకా ఆగొద్దు. "అట్ల అనిపిస్తున్నదా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకుండా, హెడ్‌మాస్టర్‌కు చెప్పి ఇంటివాళ్లను అదే రోజు పిలిపించాలి. భయం ఇంట్లోవాళ్లతోనే అయితే, పిల్ల నమ్మే మరో పెద్దవాళ్లను రప్పించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. వరంగల్ చుట్టుపక్కల వాళ్లకు ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.