రౌలీకా, రాబ్‌సార్ట్‌కా?

కెనడా ప్రెయిరీ మైదానాల్లో ఖాళీ అయిన ఊళ్లు చాలానే ఉన్నాయి. ఒక్కదానికే టైం ఉంటే అల్బర్టాలోని రౌలీకి వెళ్లాలా, సస్కాచెవాన్‌లోని రాబ్‌సార్ట్‌కా?

రౌలీలో మిగిలింది గుప్పెడు మనుషులే. అయినా పాత రైల్వే స్టేషన్‌నీ, చెక్క ధాన్యపు ఎలివేటర్లలో (మన గాదెల్లాంటివే, కాకపోతే ఆకాశమంత ఎత్తు) మిగిలినదాన్నీ పడిపోకుండా కాపాడుకుంటున్నారు. నెలలో ఆఖరి శనివారం పిజ్జాలు అమ్మి మరమ్మతులకు డబ్బు పోగేస్తారు. ముచ్చటగానే ఉంటుంది, కాస్త సినిమా సెట్టులా కూడా.

రాబ్‌సార్ట్‌కు 1912లో గ్రామ హోదా వచ్చింది, 2002లో పోయింది. ఇక్కడ ముస్తాబేమీ లేదు. రంగు వెలిసిన దుకాణాలు, ఒరిగిపోతున్న ఇళ్లు, గాలి చప్పుడు. నా ఓటు దీనికే. ఊరు మాయమవడమంటే ఏమిటో ఇక్కడే కళ్లకు కడుతుంది. లోపలికి మాత్రం అడుగుపెట్టకండి, పాత చెక్కనేలను నమ్మలేం.