రీఫిల్ ప్యాకెట్ షాంపూ కొంటున్నారా, ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి

ప్రిజర్వేటివ్ (సరుకు పాడవకుండా కలిపే మందు) అలర్జీ ఉన్నవాళ్ళు, ముఖ్యంగా ప్యాచ్ టెస్టులో మిథైల్‌ఐసోథయజోలినోన్ అనే ప్రిజర్వేటివ్‌కి పాజిటివ్ వచ్చినవాళ్ళు దయచేసి పూర్తిగా చదవండి. పది రోజులుగా నా కళ్ళు సరిగ్గా తెరుచుకోలేదు, ఇప్పుడు కాస్త వాపు తగ్గింది కాబట్టి టైప్ చేయగలుగుతున్నా.

నాకీ అలర్జీ ఉందని తెలిసి మూడేళ్ళయింది. ప్యాచ్ టెస్టు అని వీపు నిండా చిన్న చిన్న పట్టీలు అంటించి 48 గంటలు తడవకుండా ఉండమన్నారు, తీసినప్పుడు ఒకసారి, ఆ తర్వాత రెండు రోజులకి ఇంకోసారి చూశారు, మిగతా గళ్ళన్నీ మామూలుగానే ఉన్నాయి, ఒక్కటి మాత్రం ఎర్రగా ఉబ్బి నీటిపొక్కులు లేచాయి. అదే ఇది, పొట్టిగా ఎంఐ అంటారు. అప్పట్నుంచి ఏది కొన్నా వెనక లేబుల్ ఫొటో తీసి, జూమ్ చేసి చదవనిదే ముట్టుకోను. అలా వెతగ్గా వెతగ్గా దొరికిన షాంపూ ఒకటి రెండేళ్ళు వాడా, ఒక్క రోజు కూడా దురద రాలేదు.

పోయిన నెల దాని రీఫిల్ ప్యాకెట్లు రెండు ఆన్‌లైన్‌లో తెప్పించా. అదే పేరు, అదే రంగు, ముందువైపు పెద్దక్షరాలతో పారబెన్ ఫ్రీ (పారబెన్ అనే రకం ప్రిజర్వేటివ్‌లు లేవు) అని. ఒకటి కత్తిరించి పాత సీసాలో పోసేసి ఖాళీ ప్యాకెట్ చెత్తబుట్టలో పడేశా. ఇక్కడే దెబ్బతిన్నా.

మొదట చెవుల వెనక దురద. తర్వాత మెడ మీద, షాంపూ నురగ కారే దారి పొడుగునా ఎర్రటి చార. ఒక పొద్దున లేచేసరికి కనురెప్పలు ఉబ్బిపోయి, చర్మం ఎండిన ఆకులా పొలుసులు రాలుతోంది. ఈ అలర్జీతో ఉన్న పెద్ద తలనొప్పి ఏంటంటే తగలగానే చూపించదు, ఒకటి రెండు రోజులు ఆగి బయటపడుతుంది, ఆదివారం తలస్నానం చేస్తే మంగళవారం కళ్ళు ఉబ్బుతాయి, ఇంక దేన్ని అనుమానించాలి? దిండు గలేబు ఉతికిన లిక్విడ్‌ని అనుమానించా, గిన్నెలు తోమే లిక్విడ్‌ని అనుమానించా, కొత్తగా రంగు వేసిన గదిలో కూర్చున్నందుకేమో అనుకున్నా (గోడలకి వేసే వాటర్ పెయింట్లలో కూడా ఇదే మందు కలుపుతారు, వేశాక వారాల తరబడి గాల్లోకి వస్తుంది, ముట్టుకోకపోయినా మొహం మండుతుంది). షాంపూ సీసా లేబుల్ కూడా మూడుసార్లు చదివా. ఏమీ లేదు. ఉండదు కదా, అది పాత సీసా లేబుల్!

చివరికి అలమారలో ఉన్న రెండో ప్యాకెట్ తిప్పి చూస్తే, అతుకు మడత కింద, చివర్నుంచి రెండో లైన్లో ఉంది, మిథైల్‌క్లోరోఐసోథయజోలినోన్, మిథైల్‌ఐసోథయజోలినోన్ రెండూ (మొదటిది కూడా ఎంఐ కుటుంబమే) పక్కపక్కనే. చేతులు వణికాయి నిజంగా.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఫార్ములా ఇంప్రూవ్ చేశాం, కడిగేసేదే కదా, పరిమితిలోనే ఉంది అన్నారు. పరిమితి సంగతి నేనూ చదివాను అండీ. చర్మానికి తగిలిన వాటితో వచ్చే అలర్జీలు చూసే డాక్టర్ల సంఘం, అమెరికా కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ, 2013లో ఎంఐని ఆ ఏటి అలర్జెన్‌గా ప్రకటించింది, యూరప్‌లో ఒంటికి రాసుకుని వదిలేసే క్రీముల్లో, తడి వైప్స్‌లో 2017 నుంచి నిషేధం, కడిగేసేవాటిలో 2018 నుంచి పది లక్షల భాగాలకి 15 భాగాలు దాటకూడదు. కానీ ఆ 15 కొత్తవాళ్ళకి అలర్జీ రాకుండా చూడ్డానికి పెట్టింది, ఇప్పటికే వచ్చినవాళ్ళలో కొందరికి అంతకన్నా తక్కువ తగిలినా చాలు. ఆ తేడా ఫోన్‌లో వాళ్ళకి ఎంత చెప్పినా ఎక్కలేదు. విప్పని ప్యాకెట్‌కి మాత్రం డబ్బులు వెనక్కిచ్చారు. ఆన్‌లైన్ పేజీలో ఇప్పటికీ పాత లేబుల్ ఫొటోనే ఉంది, మార్చమని రెండుసార్లు రాశా, మార్చలేదు.

ఇంకో మాట, పారబెన్ ఫ్రీ అని ఉంటే మనకి మంచిదేమో అని మోసపోకండి. పారబెన్ తీసేస్తే దాని చోట ఇంకేదో ప్రిజర్వేటివ్ పడాలి, చాలాసార్లు అది మనకి పడనిదే అవుతుంది. అదే సొసైటీ 2019లో పారబెన్లని నాన్ అలర్జెన్ అని ప్రత్యేకంగా చెప్పింది కూడా, అంత అరుదుగా అలర్జీ తెస్తాయి అవి. నా మటుకు నేను ఆ మాట కనబడితే లేబుల్ ఇంకోసారి చదువుతా. పొడుగు పేర్లు గుర్తుండకపోతే చివర థయజోలినోన్ అని వచ్చేది ఏదున్నా పక్కన పెట్టేయండి, గిన్నెల లిక్విడ్లలో బెంజ్‌ఐసోథయజోలినోన్ ఉంటుంది, అది కూడా ఈ కుటుంబమే. ఫార్మాల్డిహైడ్ పడనివాళ్ళకి ఇంకా కష్టం, డిఎండిఎం హైడాంటోయిన్, క్వాటర్నియం 15 లాంటివి మెల్లగా ఫార్మాల్డిహైడ్‌ని వదులుతాయి, కానీ వాటి పేర్లలో ఆ మాటే కనబడదు.

రెండేళ్ళు వాడిందే కదా అని వదిలేయకండి, కొన్న ప్రతిసారీ, కత్తెర పెట్టకముందే ప్యాకెట్ వెనక చదవండి, మడత విప్పి మరీ చదవండి. నేనైతే ఇప్పుడు ఇంట్లో రీఫిల్ చేసే ప్రతి సీసాకీ పాత లేబుల్ చింపేసి, కొత్త ప్యాకెట్ వెనక ముక్క కత్తిరించి టేపుతో అంటిస్తున్నా.