దుకాణం, కాపురం ఒకే కప్పు కింద: తుర్కు ఫార్మసీ మ్యూజియం

ఫిన్లండ్‌లోని తుర్కుకు ఒక్క పూట కోసం వచ్చేవారు చాలామంది కోట చూసి వెనక్కి వెళ్లిపోతారు. నన్నడిగితే, ముందు ఔరా నది ఒడ్డున ఉన్న క్వెన్సెల్ ఇంటికి వెళ్లమంటాను. 1700 ప్రాంతంలో ఒక న్యాయాధికారి కట్టించుకున్న చెక్క ఇల్లు ఇది. 1827లో నగరాన్ని చాలావరకు బూడిద చేసిన మంటలు దీని దాకా రాలేదు. ఫిన్లండ్ శస్త్రచికిత్సకు ఆద్యుడిగా చెప్పుకొనే యోసెఫ్ గుస్తాఫ్ పిప్పింగ్ కూడా ఇక్కడే కాపురమున్నారు. 1958 నుంచి ఇది ఫార్మసీ మ్యూజియం.

నిజానికి ఇది మందుల వ్యాపారి ఇల్లు కాదు. అయినా ఒక పల్లెటూరి ఫార్మసీ కుటుంబం ఎలా బతికిందో ఊహించుకోవడానికి ఇంతకంటే మంచి చోటు నాకు కనబడలేదు. ఒకవైపు కాపురం గదులు, ఒకవైపు దుకాణం, దాని వెనుక మందులు తయారుచేసే గదులు, మూలికల గది. లాటిన్ పేర్లు రాసిన జాడీలు, కల్వాలు, చిన్న త్రాసులు చూస్తూ బల్ల దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. మారుమూల ఊళ్లలో ఫార్మసిస్టు ఇల్లు కూడా ఇలాగే దుకాణాన్ని ఆనుకుని ఉండేది. పని నేర్చుకునే కుర్రవాళ్లు ఆ ఇంట్లోనే తిని పడుకునేవారు. మద్యనిషేధం అమలైన 1919–1932 మధ్య వైద్యుడి చీటీ ఉంటే స్పిరిట్ దొరికేది ఫార్మసీలోనే. ఊళ్లో ఆ కుటుంబానికి ఎంత పలుకుబడి ఉండి ఉంటుందో!

నేటికీ అక్కడ ఫార్మసీ లైసెన్సు మనిషి పేరునే ఇస్తారు. దాన్ని అమ్ముకోవడానికి గానీ, బిడ్డలకు రాసివ్వడానికి గానీ వీల్లేదు. తరాల తరబడి కూడబెట్టిన ఇల్లూ వాకిలీ ఉన్నా, దుకాణం మాత్రం కొత్త మనిషికి వెళ్లిపోవచ్చు. ఈ నియమం నాకు ఎంతో నచ్చింది.

లూస్తారిన్‌మాకి చేతిపనుల మ్యూజియం ఇంతకంటే చాలా పెద్దది, పిల్లలతో వెళ్లేవారికి అదే మేలు. కానీ ఒక ఇంటి లోపలి బతుకు దగ్గరగా చూపించడంలో నా ఓటు క్వెన్సెల్‌కే. పెరటిలోని కాఫీ దుకాణంలో కాసేపు కూర్చోవడం మరవకండి. బస విషయంలో మాత్రం జాగ్రత్త: నది పక్కన నేను దిగిన హోటల్ గది ఖరీదైనది, వేసవి కావడంతో పడవల మీది రెస్టారెంట్ల సందడికి రాత్రి నిద్ర పట్టలేదు. రెండు వీధులు లోపలికి వెళ్లి గది తీసుకోండి. హెల్సింకి నుంచి రైలులో సుమారు రెండు గంటలే కాబట్టి, బస లేకుండా ఉదయం వచ్చి సాయంత్రం తిరిగి వెళ్లినా సరిపోతుంది.